మెట్ల దాకా సిగ్నల్

బేకరీ యజమాని అడిగింది చిన్న పని. టీ తాగడానికొచ్చినవాళ్లకు ఉచిత వైఫై. నంబరు కొడితే ఓటీపీ, ఓటీపీ కొడితే అరగంట నెట్. నేను లాగిన్ పేజీ తయారుచేస్తుంటే బావ కుర్చీ లాక్కుని నా భుజం వెనక కూర్చున్నాడు.

"పేరు మాత్రం మనింటి వైఫై పేరే పెట్టు బామ్మర్దీ."

ఎందుకని అడగలేదు. అక్క ఇల్లు విడిచి మూడు వారాలైంది. బావ విరగ్గొట్టిన మణికట్టుకు కట్టు కట్టించి, ఆటో ఎక్కించింది నేనే. ఆమె సిమ్ మార్చింది గానీ ఫోను మార్చలేదు. ఇంటి వైఫై పేరూ పాస్‌వర్డూ ఆ ఫోనుకు గుర్తే. ఆ పేరు ఎక్కడ తగిలినా అడక్కుండానే కనెక్టవుతుంది, ఫోను పేరు నా ల్యాప్‌టాప్ తెరమీద పడుతుంది. ఆమెను ఈ బజార్లో చూశామని ఎవరో బావ చెవిన వేశారు. అబద్ధం కాదు. రోడ్డుకు అవతల, ఫొటో స్టూడియో పైగదిలో ఉంది. కిటికీకి ఆరేసిన నీలం తువ్వాలు నేను కొనిచ్చిందే.

నా ఫోను బావ జేబులో ఉంది. చార్జింగ్ పెడతానని పొద్దున్నే తీసుకున్నాడు.

పేరు ఆయన చెప్పిందే పెట్టాను, పాస్‌వర్డు పెట్టలేదు. పాస్‌వర్డుతో గుర్తున్న పేరు పాస్‌వర్డు లేకుండా ఎదురైతే, ఫోను దాన్ని కొత్తదనే అనుకుంటుంది. తనంతట తాను కలవదు. పబ్లిక్ హాట్‌స్పాట్ ఓపెన్‌గానే ఉండాలని బావకు చెప్పాను. ఆయన తన ఫోను తీసి బల్లమీద పెట్టి ఒక నిమిషం చూశాడు.

"ఇంట్లో గుమ్మం దాటకముందే పట్టుకుంటుంది. ఇక్కడ దీనికి మొద్దునిద్ర పట్టిందేం?"

అదే పేరుతో, మనింటి పాస్‌వర్డుతో ఇంకోటి పెట్టాలేమోనని నసిగాను.

"మరి పెట్టు. ఎవడు కాదన్నాడు?"

పెట్టాను. ఆయన ఫోను మరుక్షణం కలిసింది, తెరమీద పేరు పడింది. బావ ముఖం వెలిగింది. అదే పేజీలో అడుగున, సిగ్నల్ ఎంత దూరం పోవాలో చెప్పే గడి ఉంటుంది. ఆయన తన పేరు చూసుకుని మురిసేలోపు దాన్ని కనిష్ఠానికి లాగేశాను. ఇక అది షాపు మెట్ల దాకా వస్తుందంతే.

ఊపిరి పీల్చుకోబోయి గడియారం చూశాను. నాలుగు. నాలుగింటికి అక్క రొట్టె కొనడానికి కిందికి దిగుతుంది. కొనేది ఈ బేకరీలోనే.

షట్టర్ పైన బిగించిన వైఫై బాక్సు వదులైందని చెప్పి నిచ్చెన ఎక్కాను. బావ తెర వదల్లేదు. వైరు పీకితే తెర ఖాళీ అవుతుంది, ఆయన బయటికొస్తాడు. అరిచినా వస్తాడు. జారి పడ్డానా, ఇంకా బాగుంటుంది, అక్కే పరిగెత్తుకొస్తుంది.

ఆమె దిగింది. భుజానికి సంచీ, చేతిలో ఫోను. నిచ్చెన మీద నన్ను చూసి నవ్వింది. రోడ్డు మధ్య డివైడర్ దాకా వచ్చేసింది.

కుడిచేత్తో స్క్రూ తిప్పుతూనే ఎడమ అరచెయ్యి నడుము వెనక చాచాను. ఆగింది. చూపుడువేలు కిందికి తిప్పాను. మెట్ల పక్కన బావ మోటార్‌సైకిల్ ఉంది. ఆమె నవ్వు ఆరిపోయింది. పరిగెత్తలేదు. ఏదో మర్చిపోయినదానిలా వెనక్కి తిరిగి నడిచింది.

"ఒక్క పేరూ పడట్లేదేంరా?" లోపల్నుంచి బావ.

"జనం రావాలిగా బావా."

"ఇక్కడ లాభం లేదు. రేపు అవతల పెడదాం, ఆ ఫొటో స్టూడియో మీద."

కిటికీలోంచి నీలం తువ్వాలు లోపలికి పోయింది. రెక్కలు మూసుకున్నాయి.

"అలాగే," అన్నాను.

స్టూడియో ముందు ఆటో ఆగింది, అక్క సంచీతో ఎక్కింది. బిగించిన స్క్రూనే విప్పి మళ్లీ బిగించాను. ఆటో చప్పుడు వినపడనంత దూరం పోయేదాకా నిచ్చెన దిగలేదు. ఎటు పోయిందో చూడకుండా తల గోడకేసి తిప్పుకున్నాను. రేపు ఆ మేడ మీద కూడా ఏ పేరూ పడకపోతే, బావ అడిగేది నన్నే.