వంకర గీత

మార్లిస్‌కి కంప్యూటర్లో ఏ పనయినా మౌసుతో నొక్కి, లాగి, అక్కర్లేనిది బుట్టలో పడేసుకోవడమే ఇష్టం. ముప్ఫయ్యేళ్లు అమెరికాలోని డులూత్‌లో బడి బస్సు నడిపినావిడ అరవయ్యో ఏట, విండోస్ బదులు కంప్యూటరుని నడిపే లినక్సు పట్టుకోవడమే గొప్ప. కానీ శనివారాలు లైబ్రరీలో కూడే లినక్సు బృందం దగ్గర ఆ మాట చెల్లుతుందా? "కొత్తవాళ్లలో మౌసు ఎవరికిష్టం?" అని బృందం పెద్ద వెర్లిన్ అడిగితే చెయ్యెత్తింది ఆమె ఒక్కతే.

"ఇంకా బొమ్మల పుస్తకమేనా తల్లీ? నల్లతెర మీద ఆజ్ఞలు టైపు చెయ్యడం ఎప్పుడు నేర్చుకుంటావు?" అన్నాడు వెర్లిన్. ఆమె చేసి తెచ్చిన రూబార్బ్ కాడల తీపి బిళ్లలు నములుతూనే అందరూ నవ్వారు. ఆమెకి ఒళ్లు మండిపోయింది.

మంగళవారం పొద్దున్న ఏడింటికి భర్త డ్వేన్‌ని ఆపరేషనుకి తీసుకెళ్లారు. గొంతులో కాన్సరు. స్వరపేటిక మొత్తం తీసేస్తారు. అందుకే అతను మూడు వారాలపాటు వంటింట్లో కూర్చుని నాలుగు వందల వాక్యాలు చదివి రికార్డు చేశాడు. వాటిని బట్టి కంప్యూటరు రేపట్నుంచి అతని గొంతుతోనే మాట్లాడుతుందన్నారు. ఆ వాక్యాలు మార్లిస్ ఒళ్లో ఉన్న లాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా లేవు.

ఆ భయం పట్టుకునే, బయట కుర్చీలో కూర్చుని ఇంకో కాపీ తీద్దామనుకుంది. నల్లతెర తెరిచింది. నాకూ వచ్చని శనివారం వాళ్ల మొహాన చెప్పొచ్చు కదా! ఎక్కడికి కాపీ చెయ్యాలో, '~' అనే వంకర గీతతో మొదలయ్యే ఆ చిరునామా టైపు చేసి, దాని చుట్టూ కొటేషన్లు పెట్టింది. అక్కడే తప్పింది. కాపీ వెళ్లాల్సిన చోటికి వెళ్లకుండా, ఆ వంకర గీతే పేరుగా కొత్త ఫోల్డరు పుట్టించుకుని అందులో కూర్చుంది.

దాన్ని మౌసుతో లాగి బుట్టలో వేస్తే పోయేది. పొరపాటయితే మళ్లీ తీసుకోవచ్చు కూడా. చెయ్యి మౌసు మీదికి వెళ్లింది కూడా, పాపం. వెర్లిన్ నవ్వు గుర్తొచ్చింది. ఛీ, ఈపాటి చెయ్యలేనా అనుకుని, తీసెయ్యమనే ఆజ్ఞ రాసి, పక్కన ఆ వంకర గీత పెట్టి మీట నొక్కింది.

తెర మీద ఒక్క అక్షరం రాలేదు. అర నిమిషం తర్వాత ఖాళీ వరస వచ్చి నిలబడింది. డ్వేన్ రికార్డింగుల కోసం చూసింది. లేవు. ఫోటోలు లేవు. ఏమీ లేవు.

"వెర్లిన్! వంకర గీత ఫోల్డరు తీసేశాను, అన్నీ పోయాయి!" అంది ఫోనులో.

"కొటేషన్లు పెట్టావా?"

"ఎందుకు పెడతాను? ఇందాక వాటివల్లేగా తప్పయింది!"

"అయ్యో తల్లీ! అవి లేకపోతే ఆ గీతకి నీ ఇల్లని అర్థం. నువ్వు దాచుకున్నదంతా. ఇంకేం ముట్టుకోకు, లాప్‌టాప్ ఆపెయ్. వస్తున్నా."

ఆమె నర్సు దగ్గరికి పరుగెత్తింది. "ఆపండమ్మా, మీకు పుణ్యముంటుంది! ఒక్క పూట ఆగండి. ఆయన మళ్లీ చదువుతాడు, అంతే!"

నర్సు లోపలికి ఫోను చేసి అడిగింది. తలెత్తి చూడలేక, "కోయడం అయిపోయిందట మార్లిస్," అంది.

వెర్లిన్ వచ్చి రెండు గంటలు వెతికాడు. చెరిపినవాటిని ఆ డిస్కు అప్పటికప్పుడే తుడిచేసుకుంది. "నేను నవ్వకుండా ఉండాల్సింది," అన్నాడు.

"నీ నవ్వెవడిక్కావాలి! ఆయన గొంతు తెచ్చివ్వు!" అని అరిచింది. అందరూ తిరిగి చూశారు.

అప్పుడే డాక్టరు వచ్చాడు. "చాలా బాగా జరిగింది. మొత్తం తీసేశాం, ఏమీ మిగల్లేదు," అన్నాడు నవ్వుతూ. ఆమె కుర్చీలో కూలబడి భోరుమంది. సంతోషమే అనుకున్నాడాయన.

సాయంత్రం డ్వేన్ కళ్లు తెరిచి, ఆమె చేతిలో లాప్‌టాప్ కేసి వేలు చూపించాడు. వినిపించమని సైగ.

"నేనే చెరిపేశాను డ్వేన్. ఒక్కటీ లేదు."

అతని మొహం ఎర్రబడింది. నోరు తెరిచాడు. పెదాలు గబగబా కదిలాయి, మెడ నరాలు పొంగాయి. చిన్న తప్పుకే ఇల్లు అదిరేలా అరిచే మనిషి. మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఆమె అతని నోటికి చెవి ఆనించింది.

"తిట్టు," అంది. "ఇంకా తిట్టు."