రేడియం చుక్కల మరియమ్మ

వనపర్తి బస్టాండు ఎదురుగా మేడ మీద స్వరూప నడిపే కంప్యూటర్ సెంటర్‌లో అప్పటిదాకా తయారైనవి పెండ్లి పత్రికలు, బయోడేటాలే. అలాంటి చోట 2007 నవంబరులో ఏకంగా క్రిస్మస్ బొమ్మల సినిమా మొదలైంది. మొదలుపెట్టించింది సామ్యూల్. బడిలో డ్రాయింగ్ మాస్టరు, ఆదివారం చర్చిలో పిల్లలకు పాఠాలు చెప్తాడు. విదేశాల్లో మనుషుల ఒంటికి చుక్కలంటించి, వాళ్ల కదలికల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, బొమ్మలకు తొడుగుతున్నారని పేపర్లో చదివాడు. అప్పటినుంచీ ఆయనకు నిద్ర పట్టలేదు, స్వరూపను నిద్రపోనివ్వనూ లేదు.

"పిల్లలు, పెద్దలు ఇంటిల్లిపాది కూసోని చూసేటట్టు పది నిమిషాలది చేద్దాం మేడం. యోసేపు, మరియమ్మ బెత్లెహేముకు నడిచి పోవుడు. గంతే."

"గా మిషన్లకు కోట్లయితయి సార్."

"దేవుడే ఏదో తొవ్వ చూపిస్తడు."

దేవుడు చూపించిన తొవ్వ మేడ కిందనే ఉంది. బాబు మియా దుకాణం. బండ్ల మీద రేడియం స్టిక్కర్లతో పేర్లు, పులి తలలు అంటించడం ఆయన పని. నల్లబట్టలు వేసుకున్న మనిషికి మోచేతులు, మోకాళ్లు, నడుము, మడమలు, ఇట్లా పంతొమ్మిది చోట్ల రేడియం బిళ్లలు అంటించి, గదిలో చీకటి చేసి, పెండ్లిళ్ల వీడియో కెమెరా పక్కనే లైటు పెడితే మనిషి మాయమై చుక్కలే మిగిలేవి. వీడియోను ఆపి ఆపి, ఒక్కో చుక్క ఎక్కడుందో స్వరూప మౌసుతో గుర్తుపెట్టి బొమ్మకు ఎక్కించేది. ఒక్క అడుగుకు ఒక పూట పట్టేది. యోసేపు నడక బాబు మియాదే. మనిషి మంచివాడే కానీ, కెమెరా చూస్తే పెండ్లికొడుకు లెక్క ఛాతీ విరిచేవాడు. ఆయన్ని మామూలుగా నడిపించేసరికి అందరి తాతలూ దిగొచ్చారు.

స్వరూప ఈ పనిని నెత్తినేసుకోవడానికి ఇంకో కారణం ఉంది. ఆమెకు ఐదో నెల. ఆ సంగతి ఆమెకూ, భర్త రాఘవేందర్‌కూ తప్ప మూడో మనిషికి తెలియదు. అంతకు ముందు రెండుసార్లు నెల తప్పింది. రెండుసార్లూ అత్త అమృతమ్మ మూడో నెలలోనే తన ఊరు పాన్‌గల్ అంతా చక్కెర పంచింది, పేరు కూడా పెట్టేసింది. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని ఊళ్లోవాళ్లు వెనకాల నవ్వుకున్నారు. రెండుసార్లూ ఐదో నెలలో స్కానింగ్ గదిలో డాక్టరమ్మ తెరవైపు చూసి మాట్లాడడం మానేసింది. ఆ తర్వాత అమృతమ్మ కోడలి దగ్గర ఆ ఊసే ఎత్తలేదు. ఆ మౌనం తిట్టుకంటే ఎక్కువగా తగిలింది స్వరూపకు. ఈసారి ఎవరికీ చెప్పలేదు, దవాఖానకూ పోలేదు. పాలు తాగి నాలుక కాలినామె మజ్జిగనూ ఊదుకుని తాగుతుంది కదా. రోజంతా చుక్కలు లెక్కపెడుతూ కూర్చుంటే రోజు గడిచేది.

చిక్కంతా మరియమ్మ దగ్గర వచ్చింది. సామ్యూల్ చెల్లెలు పొట్టకు దిండు కట్టుకుని నడిచింది. నిండు చూలాలు కాదు, జాతరకు బస్సు అందుకోబోయే మనిషిలా ఉంది తెరమీద. నాలుగుసార్లు తీశారు. స్వరూపకు విసుగు ముంచుకొచ్చింది.

"గట్ల గాదు, నేను నడిచి చూపిస్త జూడు" అని బిళ్లలు తానే అంటించుకుని ఈ గోడనుంచి ఆ గోడకు నడిచింది.

ఆ వీడియో తెరమీద ఆడుతుండగా బాబు మియా భార్య బీబీజాన్ సద్ది గిన్నె పట్టుకుని లోపలికొచ్చింది. నలభై ఏళ్లుగా కాన్పులు చేసిన మంత్రసాని ఆమె. గిన్నె కింద పెట్టడం మరిచి, తెరవైపు చూస్తూ నిలబడింది.

"ఈ నడిచేటామె ఎవరు? ఐదు నిండినయ్ ఈమెకు."

స్వరూప ముఖం పాలిపోయింది. బీబీజాన్‌కు అంతకన్నా చెప్పాల్సిన పనిలేదు. మగవాళ్లిద్దరినీ చాయ్ తాగి రమ్మని కిందికి తోలి, సామ్యూల్ చెల్లెలిని కూడా వెంట పంపి, స్వరూప పక్కన కూర్చుంది.

"దవాఖానకు పోయినవా బిడ్డా?"

"పోలే. రెండుపార్లు గాడనే చెప్పిన్రు... గుండె సప్పుడు లేదని."

"పోకుంటే తెల్వదు గానీ, గంతమాత్రాన ఉన్నది లేకుంట పోతదా, లేనిది ఉంటదా? నేనొస్త. నా చెయ్యి వట్టుకో, పోదాం."

మర్నాడు స్కానింగ్ గదిలో స్వరూప కళ్లు గట్టిగా మూసుకుంది. బీబీజాన్ చేతిని ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు ఒకటి చిట్లింది. డాక్టరమ్మ ఈసారి మాట్లాడింది. "చూడమ్మా, గుండె బాగ కొట్టుకుంటున్నది." స్వరూప నమ్మలేక మళ్లీ చెప్పమంది. డాక్టరమ్మ మళ్లీ చెప్పింది.

అయినా అత్తకు చెప్పడానికి ఫోను తీసేది, పెట్టేసేది.

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం చర్చి ఆవరణలో తెల్లపంచె కట్టి సినిమా వేశారు. రాఘవేందర్ పాన్‌గల్ నుంచి తల్లిని బస్సులో తీసుకొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టాడు. గుడ్డమీద మరియమ్మ బొమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా నడుస్తుంటే పిల్లలు కూడా గోల మానేశారు. చివర పేర్లు పడ్డాయి. "యోసేపు నడక: బాబు మియా." ఈలలు, చప్పట్లు. దాని కింద, ముందురోజు స్వరూప ఎవరికీ చెప్పకుండా ఎక్కించిన అక్షరాలు.

"మరియమ్మ నడక: స్వరూప, ఆరో నెల."

చప్పట్లు ఆగిపోయాయి. చదవొచ్చినవాళ్లు రానివాళ్లకు చెప్పసాగారు. అమృతమ్మకు చదువు రాదు. పక్కనున్నామె చదివి చెప్పింది.

"మల్లొక్కపారి సదువు" అంది అమృతమ్మ.

విన్నాక లేచింది. కుర్చీలు తోసుకుంటూ, కాళ్లు తొక్కుకుంటూ వెనక కంప్యూటర్ దగ్గరున్న కోడలి ముందుకొచ్చి నిలబడింది. ఊరంతా చూస్తోంది. స్వరూప తల దించుకుంది.

"నాకు జెప్పకపోతివి గదనే."

"భయమైంది అత్తమ్మా. మల్ల ఏమన్నయితే నీ ముఖమెట్ల చూడాల్నని."

అమృతమ్మ రెండు చేతులతో కోడలి బుగ్గలు నిమిరి, తన కణతల దగ్గర పది వేళ్ల మెటికలూ పటపటా విరిచింది.

"నాకు గాదా భయం? నా నోరే తగిలిందనుకున్న పిల్లా. చక్కెర వంచి, పేరు వెట్టి, నేనే పోగొట్టిననుకున్న. గందుకే నిన్ను ఏమడగాల్నన్నా నోరు రాలేదు."

ఇన్నాళ్లూ ఆ ముసలామె తననే తప్పు పడుతోందనుకుంది స్వరూప. అత్త భుజం మీద తల పెట్టి, జనమున్నారని కూడా చూడకుండా వెక్కి వెక్కి ఏడ్చింది. అమృతమ్మ కొంగుతో కోడలి ముక్కు తుడిచి, పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంది. ఈసారి పేరు మాత్రం కోడలినే పెట్టమంది.