గడి రాయి

క్రైస్ట్‌చర్చ్‌లో ప్రతి మంగళవారం సత్యమ్మ పక్కింటి మాల్కమ్ దగ్గరికి టీకి వెళ్తుంది. కూర్చునే ముందు వంటగది కిటికీలోని రాయిని పాతగుడ్డతో తుడుస్తుంది. స్కాట్లాండ్‌లో కూలిపోయిన తమ వంశపు కోట నుంచి మాల్కమ్ తాత తెచ్చిన రాయి అది. దాని ముందు అబద్ధం చెబితే జిగురు కారుస్తుంది. కుళ్లిన గొర్రెకొవ్వు కంపు. వీధిలో అందరికీ తెలుసు, అందుకే కిటికీ తెరిచి కూర్చుంటారు.

మాల్కమ్‌కు మతిమరుపు ముదురుతోంది. అంతా పోకముందే కోట చరిత్ర రాయించాలని ఆరాటం. ఆయన చెప్పేది సత్యమ్మ మనవరాలు అక్షర లాప్‌టాప్‌లో కొడుతూ, అమ్మమ్మకు తెలుగులో చెబుతోంది.

"వాళ్ల తాతలు రైతులను కన్నబిడ్డల్లా చూసుకున్నారట, అమ్మమ్మా."

రాయి నుంచి చిక్కటి పసుపు ధార కిటికీ కిందున్న సత్యమ్మ టీకప్పులోకే జారింది. ఆమె కప్పు దూరంగా నెట్టింది.

"థూ! గొర్ల కోసం రైతుల ఇండ్లు కాలవెట్టి తరిమిన్రని పోయిన వారం ఆయనే చెప్పె. గదే రాసుకో. కోట గాదది, గడి."

"గడి అంటే?"

"దొర ఉండే బంగ్లా. మా ఊర్ల గడి మాదే గద."

ఇక్కడి తెలుగువాళ్లు ఆమెను 'దొరసాని ఆంటీ' అనేది అందుకే.

రాయి మళ్లీ కారింది. ఈసారి ఎర్రగా, పులిసిన తమలపాకు ఉమ్మి వాసనతో. అక్షర ముక్కు మూసుకుంది. "యక్! ఇప్పుడు నీది కూడా అబద్ధమేనా?"

తుడవబోతే వేళ్లకంటిన ఆ వాసన సత్యమ్మకు తెలుసు. అమ్మ కొంగుది. ఆర్నెల్లుగా అమ్మ పేరు గుర్తు రావడం లేదు. ఎవరికీ చెప్పలేదు.

"మాది గాదు బిడ్డా," అంది చివరికి. "మా అమ్మ గడిల వెట్టి చేసింది. దొర ఉమ్మితె తమ్మపడిగ పట్టుకొని నిలవడేది. ఇంటికొచ్చి అవే చేతులతోని బువ్వ తినిపిస్తుంటే, నేను అసహ్యంతోని మొఖం తిప్పుకునేదాన్ని."

రాయి ఎండిపోయింది.

ఆమె చెప్పింది అక్షర ఇంగ్లీషులో వినిపిస్తే మాల్కమ్ తలదించుకున్నాడు. తన వాక్యం కొట్టేయమన్నాడు. తర్వాత ఏదో అడిగాడు.

"మీ అమ్మ పేరేంటంటున్నాడు."

"బుదవ్వ." తడుముకోకుండానే వచ్చింది.

ఎంత సబ్బు రుద్దినా ఆ కంపు వేళ్లను వదల్లేదు. రెండేళ్లలో సత్యమ్మ పొయ్యి ఆర్పడం మరిచింది, ఇంటిదారి మరిచింది, ఒకరోజు అక్షర పేరూ మరిచింది. ఎవరైనా 'దొరసాని ఆంటీ' అంటే మాత్రం వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించేది.

"థూ! దొరసాని ఎవలే? నేను బుదవ్వ బిడ్డను."