బెత్తెడు కుడికి

మా ఊళ్లో విమానం వినబడితే ఎవరూ తలెత్తి చూడరు. చెవితో సరిపెట్టుకుంటారు. వరిచేల అవతల, కాలవ దాటితే విమాన స్థావరం. నేను పుట్టకముందు నుంచీ ఉంది. ఇక్కడి బర్రెలు మిగ్‌ల కింద ఈని, ఎఫ్-16ల కింద మేసి పెరిగాయి. రఫేళ్లు కొత్తగా దిగిన ఏడు మాత్రం ఓ వారం పాలు తగ్గాయి. తర్వాత వాటికీ అలవాటు పడ్డాయి.

సాయంత్రం అసర్ నమాజయ్యాక నేనూ వహ్దానూ మెత్వల్లీ టీకొట్టు ముందు కూర్చుంటాం. చప్పుడు వినబడగానే అది ఏ విమానమో, ఎన్ని వస్తున్నాయో చెప్పాలి. తప్పు చెప్పినవాడు మళ్లీ విమానం వచ్చేదాకా నోరు తెరవకూడదు. వహ్దాన్ ఇరవై రెండేళ్లు మిగ్-21లకు మెకానిక్‌గా చేశాడు. ఏ విమానమో చెప్పడంలో అతను తప్పడు. ఎన్ని వస్తున్నాయో చెప్పడంలో నేను తప్పను. ఓడినా నాకు పోయేదేం లేదు, మాట్లాడకుండా కూర్చోవడం నాకు కష్టం కాదు. అతనికి ప్రాణం మీదికొస్తుంది.

నా పేరు బయ్యూమీ. వడ్రంగిని. తలుపులు, కిటికీలు, ఒకప్పుడు నీటిచక్రాలు చేశాను. డెబ్బై మూడో సంవత్సరం యుద్ధంలో ఒక విమానం కూడా చేశాను. ఆ విమానం గురించే మా ఇద్దరికీ యాభై ఏళ్లుగా తగువు.

అప్పుడు నాకు ఇరవై ఒకటి. శత్రువు పైనుంచి చూసి మోసపోవడానికి కొయ్య విమానాలు కావాలని స్థావరంవాళ్లు చుట్టుపక్కల వడ్రంగుల్ని పిలిచారు. ఒక ఆఫీసరు కాగితం మీద బొమ్మ గీసిచ్చాడు. నాకు కాగితం లెక్క చేతకాదు. మా నాన్నకీ చేతకాదు. నీటిచక్రం చేసేటప్పుడు ఆయన ఒక కర్ర తీసుకుని, ప్రతి కొలతకీ దానిమీద ఒక గాటు పెట్టేవాడు. ఒక్కో చక్రానికి ఒక్కో కర్ర. చక్రం అరిగి పోయినా కర్ర ఇంట్లో ఉంటే మళ్లీ అదే చక్రం తయారవుతుంది.

అందుకని నేను ఆఫీసరుని ఒక్కసారి అసలు విమానం చూపించమన్నాను. యాభై అడుగుల దూరంలో నిలబెట్టి, ఇంకో అడుగు వేస్తే కాల్చేస్తారన్నాడు. నిలబడి చూశాను. ముక్కు మీద పొడుగ్గా ఒక గొట్టం ఉంది. గాలి వేగం కొలవడానికట. మేం ఈటె అనేవాళ్లం. బొమ్మలో అది సరిగ్గా నడిమధ్యన ఉంది. విమానం మీద మధ్యన లేదు.

"అయ్యా, ఆ ఈటె బెత్తెడు కుడికి జరిగి ఉంది" అన్నాను.

"తలుపులు చేసేవాడివి నువ్వు నాకు చెప్తావా?" అన్నాడు. అని, అటు నడుచుకుంటూ వెళ్లి, ముక్కు కింద కాసేపు నిలబడి వచ్చాడు. బొమ్మలో గీత చెరిపి పక్కకి గీశాడు.

సరుగుడు వాసాలు, పైన గోనెపట్ట, గోధుమపిండి జిగురు, ఆ మీద రంగు. ముప్పై నాలుగు మూరల పొడవు. కొలతలన్నీ మా నాన్నలాగే ఒక కర్ర మీద గాట్లు పెట్టుకుని, పద్దెనిమిది రోజుల్లో నిలబెట్టాను. అక్టోబరులో ఒక మధ్యాహ్నం శత్రు విమానాలు వచ్చి దాని మీద మూడు బాంబులు వేసి పోయాయి. రెండొందల అడుగుల అవతల అసలు మిగ్‌లు రెండు గీత పడకుండా మిగిలాయి.

వహ్దాన్ ఒప్పుకోడు. "ఒరే, అవి రన్‌వేకి వేసిన బాంబులు. గురి తప్పి నీ తలుపు మీద పడ్డాయి. ఆ వేగంలో వచ్చేవాడు పైలట్ రా, పిండిజిగురుకి మోసపోతాడా?" అంటాడు. నా విమానాన్ని ఎప్పుడూ తలుపు అనే అంటాడు.

ఈ ఏడు ఎండాకాలంలో మలాక్ వచ్చాడు. కాలవల శాఖలో ఇంజనీరు, ముప్పై అయిదేళ్లుంటాయి. యుద్ధం నాటికి వాళ్ల నాన్నే పిల్లాడు. అయినా మిగ్‌లో ఎన్ని రకాలో, ఏది ఏ ఏడు వచ్చిందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఇంటినిండా బొమ్మ విమానాలు. వాటి దుమ్ము దులపడానికి వాళ్లావిడకి శుక్రవారమంతా సరిపోతుందట. అలాంటివాళ్లే పాతికమంది కలిసి పట్నంలో ఒక సంఘం పెట్టుకున్నారు.

"బయ్యూమీ బాబాయ్, నువ్వు చేసిన విమానం మళ్లీ చెయ్యగలవా? అక్టోబరు విజయోత్సవానికి అది నిలబడిన చోటే పెడదాం. పక్కన ఒక పలక. ఇక్కడ కొయ్య విమానం ఉండేది, శత్రువు దాన్ని నిజమనుకుని మూడు బాంబులు వేశాడు, చేసినవాడు ఫలానా, అని" అన్నాడు.

చెయ్యగలనన్నాను.

"బొమ్మ నేను తెచ్చాను" అని కాగితాలు విప్పబోయాడు.

"కర్ర ఉంది" అన్నాను.

లోపలికెళ్లి, బర్రెలకొట్టం తలుపుకి అడ్డగడియగా వాడుతున్న ఆ కర్ర తియ్యబోయాను. నా భార్య నయీమా చెంబుతో ఎదురొచ్చింది. "ఆ కర్ర తీస్తే బర్రె బయటికొస్తుంది. విమానం చేస్తావో ఇంకేం చేస్తావో, ముందు దానికో గడియ చేసి పో" అంది. గడియ చేసిచ్చాకే కర్ర బయటికి వచ్చింది. యాభై ఏళ్ల పేడ కడిగితే గాట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. కొసన చిన్న గాటు ఒకటి. మలాక్ దాని మీద వేలు పెట్టి, "ఇదేంటి?" అన్నాడు.

"బెత్తెడు" అన్నాను.

అతను కాసేపు ఆలోచించి నవ్వాడు. ఈటె ఏ రకంలో మధ్యన ఉంటుందో, ఏ రకంలో పక్కకి ఉంటుందో అతనికి తెలుసు. కాగితాలు చుట్టేసుకున్నాడు.

అడ్డం వచ్చింది ఒక్క వహ్దానే. ఉత్సవ సంఘంలో పాత సైనికుల తరఫున సంతకం పెట్టేది అతను. ఆ సంతకం లేనిదే పలక లేదు. పలక లేకపోతే నేను చేసేది పొలంలో దిష్టిబొమ్మ.

"కొయ్య విమానం పెట్టుకోండి, పిల్లలు ఎక్కి ఆడుకుంటారు" అన్నాడు టీకొట్టు దగ్గర, పదిమందిలో. "శత్రువు నిజమనుకున్నాడని మాత్రం నేను సంతకం పెట్టను. యుద్ధంలో పోయినవాళ్లున్నారు. అబద్ధం రాయకూడదు."

ఆ మాట నాకు తగిలింది. తలుపు అంటే పడ్డాను గానీ అబద్ధం అనడం ఇదే మొదటిసారి. ఇద్దరికీ డెబ్బై దాటాయి. ఇప్పుడు రాయకపోతే ఇంకెప్పుడూ రాయరు.

"నీకు అసలు మిగ్‌నీ నా విమానాన్నీ పైనుంచి చూపిస్తే, ఏది ఇనుమో ఏది కొయ్యో చెప్తావా?" అన్నాను.

"కళ్లు మూసుకుని చెప్తా."

"తెరుచుకునే చెప్పు. చెప్పావంటే నా విమానం నేనే విరగ్గొట్టి మెత్వల్లీ పొయ్యిలో పెడతా. చెప్పలేకపోతే సంతకం."

మెత్వల్లీ టీ గ్లాసులు పెడుతూ, "తడి కర్ర అయితే నాకొద్దు హాజీ, పొగ" అన్నాడు.

అసలు మిగ్ ఒకటి మా దగ్గరే ఉంది. పట్నంలో ఆడపిల్లల బడి ముందు, రెండు నిలువుల దిమ్మె మీద, ముక్కు పైకెత్తి నిలబెట్టారు. అది ఎగిరే రోజుల్లో దాన్ని వహ్దాన్ తన చేతులతో మరమ్మతు చేశాడు. చుట్టాలొస్తే అందరికంటే ముందు అక్కడికే తీసుకెళ్తాడు. పదకొండేళ్ల కిందట ఆ బడి మేడ మీద గదికి తలుపు బిగించడానికి నేను వెళ్లాను. పైనుంచి విమానం వంక చూశాను. ఒక సంగతి కనబడింది. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ముప్పై రోజుల్లో కొయ్య విమానం లేచింది. కర్ర చెప్పినట్టు చేస్తూ పోయాను. మలాక్ సాయంత్రాలు వచ్చి జిగురు కలిపేవాడు. రంగు వేసినరోజు మా పెరట్లో మట్టితో గోపురంలా కట్టిన పావురాల గూడు మీదికి ఎక్కి పైనుంచి ఫొటో తీశాడు. మర్నాడు అదే సమయానికి, ఎండ అదే వాలులో ఉండగా, బడి మేడెక్కి దిమ్మె మీది మిగ్‌కి తీశాడు. రెండూ నలుపు తెలుపుల్లో వేయించి, చుట్టూ నేల కనబడకుండా కత్తెరతో కత్తిరించాడు. మిగిలింది విమానమే.

గురువారం నాడు టీకొట్టు నిండిపోయింది. వహ్దాన్ కళ్లజోడు తుడుచుకుని రెండు ఫొటోలూ బల్లమీద పక్కపక్కన పెట్టుకున్నాడు. అతను తొందరపడలేదు. అది నేను ఒప్పుకోవాలి. రెక్కలు చూశాడు. తోక చూశాడు. అతుకులు చూశాడు. రెండింటి మీదా రంగు మందంగానే ఉంది. చివరికి ముక్కు దగ్గర ఆగాడు.

మొహం విప్పారింది. కళ్లజోడు తీసేశాడు.

"ఇదిగో, ఇది నీ తలుపు" అని ఎడమ ఫొటో మీద వేలితో కొట్టాడు. "ఈటె చూడు, నడిమధ్యన పెట్టావు. మా విమానాలకి మధ్యన ఉండదురా. బెత్తెడు కుడికి ఉంటుంది. ప్రతి పొద్దునా దాని తొడుగు నేను లాగినవాణ్ణి. ఈ కుడివైపుది చూడు, ఎంత చక్కగా ఉందో. ఇది నా విమానం. దీన్ని ఎక్కడ చూసినా పోలుస్తాను."

నేను మలాక్ వంక చూశాను. అతను ఫొటోలు తిప్పాడు. వెనక పెన్సిలుతో రాసి ఉంది. ఎడమది బడి ముందుది. కుడివైపుది పావురాల గూటి కిందది.

మెత్వల్లీ పొయ్యి మంట తగ్గించాడు.

"కాదు" అన్నాడు వహ్దాన్.

"దిమ్మె మీదికి ఎత్తేటప్పుడు క్రేను తగిలి ఈటె విరిగింది" అన్నాను. "మునిసిపాలిటీ వాళ్లు నీళ్ల గొట్టాలవాడి చేత ఒక గొట్టం పెట్టించారు. అతను మధ్యన బిగించాడు. కిందనుంచి చూస్తే తెలీదు."

"నీకెప్పటినుంచి తెలుసు?"

"పదకొండేళ్ల నుంచి."

"పదకొండేళ్లు నా పక్కన కూర్చుని టీ తాగావు."

"నువ్వు మాట్లాడుతున్నావు, సందు దొరకలేదు" అన్నాను.

అప్పుడు నవ్వారు. వహ్దాన్ నవ్వలేదు. తనకి నచ్చిన ఫొటో చేతిలోకి తీసుకుని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. బిగించిన తలుపుని మా నాన్న అలా చూసేవాడు.

"కర్రేది?" అన్నాడు.

ఇచ్చాను. కొసన చిన్న గాటు దగ్గర తన నాలుగు వేళ్లూ ఆనించి చూశాడు. సరిపోయాయి.

"ఇరవై రెండేళ్లు వాటి కింద పడుకున్నాను" అన్నాడు, నాతో కాదు, బల్లతో. "కుర్చీలో కూర్చుని, టీ పక్కన పెట్టుకుని చూసిన నేనే దీన్ని ఇనుమన్నాను. కింద నుంచి తుపాకులు పేలుతుంటే, రెప్పపాటులో చూసిపోయేవాడు ఏమనుకుంటాడు?" అని మలాక్ వైపు తిరిగాడు. "కాగితం తేవయ్యా. మూడు బాంబులని రాశావా? అక్షరాల్లో రాయి, అంకెల్లో వద్దు. చేసినవాడి పేరు పెద్దగా ఉండాలి."

సంతకం పెట్టాడు. పెట్టాక కూడా కలం వదల్లేదు.

"ఒరే బయ్యూమీ, నా విమానానికి ఈటె ఎవరు చేస్తారు?"

"ఇనుప పని నాది కాదు."

"ఇనుము ఎవడడిగాడు? కర్రతో చెయ్యి. రంగు వేస్తే నేనే పోల్చలేను."

ఉత్సవానికి రెండు రోజుల ముందు బడి దగ్గర నిచ్చెన వేశాం. నేనెక్కుతానంటే వినలేదు. మోకాళ్ల నొప్పులతో తనే ఎక్కాడు. మలాక్ నిచ్చెన పట్టుకున్నాడు. బడి కిటికీల్లోంచి ఆడపిల్లలంతా చూస్తున్నారు. నీళ్ల గొట్టం ఊడదీసి కిందికి పడేశాడు. నేను మల్బరీ కర్రతో చెక్కిన ఈటె అందించాను.

"ఇక్కడేనా?" అన్నాడు పైనుంచి.

"ఇంకా కుడికి."

స్థావరం వైపు నుంచి చప్పుడు లేచింది. కిటికీల్లో పిల్లలు కూడా తలెత్తలేదు.

"రఫేళ్లు" అన్నాడు వహ్దాన్, మర బిగిస్తూ.

"మూడు" అన్నాను.

రెండు తల మీదుగా పోయాయి. అతను మర తిప్పడం ఆపి, కింద నా మొహం చూశాడు. అప్పుడు మూడోది పోయింది.