ఆరో అంతస్తుకి కరెంటు

పిండి పీల్చే యంత్రం మా మిల్లుకి మార్చి నెలలో వచ్చింది. లారీ మీంచి దించడానికి ఏడుగురు కావలసి వచ్చారు. మనిషి ఎత్తు, ఇద్దరు మనుషుల లావు, ముందు పది మీటర్ల గొట్టం. ఆడవాళ్ళు చూడగానే ఏనుగని పేరు పెట్టేశారు. నేను మాత్రం దాని పక్కన అతికించిన రేకు చదివి నీరసపడిపోయాను. పదిహేను కిలోవాట్లు, మూడు ఫేజులు, నడుస్తుంటే ముప్పై ఆంప్స్, మొదలయ్యేటప్పుడు దానికి కొన్ని రెట్లు. మిల్లుకి ఉన్న ఎలక్ట్రీషియన్ని నేనొక్కణ్ణే. కొత్తగా ఏది దిగినా దాని ఆకలి నేనే తీర్చాలి.

ఎన్డోలా పట్నంలో మాది ఆరంతస్తుల మొక్కజొన్న మిల్లు. పైనుంచి కింద దాకా జల్లెళ్ళు, రోలర్లు, గొట్టాలు. ఎక్కడ చెయ్యి పెట్టినా పిండే. దూలాల మీద, మోటార్ల మీద, మెట్ల కమ్మీల మీద, మనుషుల కనుబొమల మీద. దాన్ని తొమ్మిది మంది ఆడవాళ్ళు చీపుళ్ళతో ఊడ్చేవాళ్ళు. ఊడిస్తే లేస్తుంది, లేచింది మళ్ళీ పడుతుంది, పడ్డది మళ్ళీ ఊడవాలి. మధ్యలో కొంత వాళ్ళ ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఆ తొమ్మిది మందికీ పెద్ద బనా కసోండె. అంటే కసోండె వాళ్ళమ్మ. ఫెలిస్టస్ అన్న ఆమె సొంత పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా వినపడదు. ఇరవై ఏళ్ళుగా ఊడుస్తోంది. ఆమె బెంబా తెగ, నేను న్గోనీ తెగ, పేరు జేరే. మా ముత్తాతలు ఒకరినొకరు పొడుచుకుని పొడుచుకుని అలిసిపోయి, ఇక చాల్లే అనుకున్నారట. అప్పటినుంచీ వాళ్ళకీ మాకూ వేళాకోళపు వరస. ఎదురుపడితే తిట్టుకోవాల్సిందే. ఎంత మాటైనా అనచ్చు, పడ్డవాడు నవ్వాల్సిందే. కోపం తెచ్చుకున్నవాడికి మర్యాద తెలియదని అర్థం. వాళ్ళు మమ్మల్ని ఎలకలు తినేవాళ్ళంటారు. మేం వాళ్ళని కోతులు తినేవాళ్ళంటాం.

ఏనుగుని కింద వర్క్‌షాపులో వెల్డింగు సాకెట్‌కి తగిలించాను. మిల్లు మొత్తం మీద దాని ప్లగ్గు పట్టేది అక్కడే.

"ఏమయ్యా ఎలకల జేరే, దీనికి కరెంటు పెడతావా, ఎలకల్నే పెడతావా?" అంది బనా కసోండె.

"నిన్నటి కోతి కూర మిగిలితే పట్రా. ఇది ఏది పెట్టినా తింటుంది."

స్విచ్చి వెయ్యగానే నేల అదిరింది. గొట్టం ఇలా తిప్పానో లేదో, ఆమె తలగుడ్డ ఎగిరొచ్చి దాని మూతికి అతుక్కుపోయింది.

"ఓరి నీ దుంప తెగా! నా తలగుడ్డ మింగేస్తోంది! ఇది న్గోనీ ఏనుగే, అనుమానం లేదు. కనబడిందల్లా లాక్కుంటోంది!"

అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆమె నవ్వీ నవ్వీ దగ్గుతో వంగిపోయింది. మూలనున్న పిండి కుప్ప మూడు నిమిషాల్లో మాయమైంది. ఒక్క రేణువు కూడా లేవలేదు. బనా కసోండె వంగి నేల మీద వేలితో రాసి చూసుకుంది. ఆ వేలి వంక చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

"దీన్ని పైకెప్పుడు ఎక్కిస్తావు?" అంది. ఈసారి వేళాకోళం లేదు.

అదే మాట మా మేనేజరు సిలుంగ్వె గారూ అడిగారు. ఆయనకి నిలబడి చెప్పాను. "పైన ఉన్నవి లైట్లకీ డ్రిల్లులకీ పెట్టిన ప్లగ్గులు సార్. వాటిల్లో ఒక్క ఫేజే వస్తుంది. ఒక్క ఫేజుతో ఇది మూలుగుతుంది గానీ తిరగదు. అలా మూలిగి మూలిగి మోటారు కాలిపోతుంది. పెద్ద బోర్డు నుంచి దీనికి విడిగా కేబులు లాగాలి. డెబ్భై మీటర్లు. విడిగా బ్రేకరు, పైన మూడు చోట్ల పెద్ద సాకెట్లు."

"అదంతా ఒక కాగితం మీద రాసివ్వు జేరే. లూసాకాకి పంపిస్తాను."

"అలాగే సార్," అన్నాను.

రాయలేదు.

ఎందుకు రాయలేదని నన్నెవరూ అడగలేదు గానీ, నన్ను నేను చాలాసార్లు అడిగాను. లూసాకాలో ఉన్న మా పెద్దాఫీసుకి అంతకు ముందు నాలుగేళ్ళలో పదకొండు కాగితాలు రాశాను. రబ్బరు గ్లౌజులు కావాలని రాశాను. కాలిన ప్యానెలు మార్చాలని రాశాను. నాకు తోడు ఒక మనిషిని ఇమ్మని మూడుసార్లు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. గోడకి చెప్పుకున్నా అంతకంటే నయం, గోడ కనీసం ఎదురుగా ఉంటుంది. పైగా ఆ ఏడాది వానలు సరిగ్గా లేక డ్యాముల్లో నీళ్ళు అడుగంటి, కరెంటు కోత రోజుకి రెండుసార్లు. కరెంటు పోగానే జనరేటరు దగ్గరికి పరుగెత్తాలి. మోటార్లన్నీ ఒక్కసారిగా వేస్తే జనరేటరు మొరాయిస్తుంది కాబట్టి, ఆరంతస్తులూ ఎక్కుతూ ఒక్కొక్కటే వెయ్యాలి. కరెంటు రాగానే అన్నీ ఆపి, మళ్ళీ మొదటినుంచి. నా మోకాళ్ళకి యాభై ఏడేళ్ళు. సాయంత్రమయ్యేసరికి తల ప్రాణం తోకకొచ్చేది. సొరుగు తీస్తే తెల్ల కాగితం కనపడేది. రేపు రాద్దాంలే అనుకుని సొరుగు మూసేవాణ్ణి.

సిలుంగ్వె గారు రెండుసార్లు అడిగారు. తరవాత ఆయనా కోతల గొడవలో పడి మర్చిపోయారు. ఏనుగు వర్క్‌షాపు మూలన కూర్చుని కింది అంతస్తు మాత్రం శుభ్రం చేసేది. పై అయిదింటికీ చీపుళ్ళే.

ఏప్రిల్లో ఒకరోజు బనా కసోండె మెట్ల మీద నన్ను ఆపింది. ముక్కుకీ నోటికీ చిటెంగే గుడ్డ చుట్టుకుని, కళ్ళు మాత్రం కనపడుతున్నాయి.

"ఏం మహానుభావా, మా ఏనుగు ఇంకా మెట్లెక్కదా?"

"లూసాకా వాళ్ళు నిద్ర లేవాలి గదా," అన్నాను.

అబద్ధం చెప్పాలని అనలేదు. వేళాకోళంగా నోట్లోంచి అలా వచ్చేసింది. ఆమె మాత్రం కాగితం ఎప్పుడో వెళ్ళిపోయిందనే అనుకుంది. ఆ మాటని నేను దిద్దలేదు.

"పడుకోనీ, పడుకోనీ," అంది. "వాళ్ళ దుప్పట్లో పిండి పొయ్య!" అని దగ్గుకుంటూ పైకెక్కింది.

జూన్‌లో మా వైపు చలికాలం, పొడి గాలి. మిల్లులో పిండి దిగకుండా గాల్లోనే ఉండిపోయే కాలం అది. మధ్యాహ్నం గోడ పక్కన ఎండలో కూర్చుని అందరం తింటున్నాం. మొక్కజొన్న పిండితో ఉడికించిన న్షిమా పెద్ద ముద్ద, ఎండు చేపల కూర. బనా కసోండె తినకుండా ముద్దని వేళ్ళతో నలుపుతోంది.

"ఎలకల జేరే, పొద్దున దగ్గితే గుడ్డలో నెత్తురు పడింది," అంది.

చుట్టూ పదిమంది ఉన్నారు. అందరూ నా వంక చూశారు, ఇప్పుడు వీడేమంటాడా అని. ఇరవై ఏళ్ళ అలవాటు. నా నోరు నాకంటే ముందు పరుగెత్తింది.

"కోతిని ఎముకలతో సహా మింగితే పడదూ మరి! కాస్త నమిలి తినమంటే వింటేనా?"

గోడ అదిరేలా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది? వరస అలాంటిది. "నీ నాలిక మీద ఎలక పిల్లల్ని పెట్టా!" అని నన్ను తిట్టి, తన గిన్నె పక్కనున్న ప్రిస్కా వైపు తోసేసింది. ప్రిస్కా ఆ తొమ్మిది మందిలో చిన్నది. ఆ పిల్ల ఒక్కతే నవ్వలేదు.

ఆ పూట పైకెక్కుతుంటే నాకు ఆమె కళ్ళు గుర్తొచ్చాయి. నెత్తురు సంగతి చెప్పేటప్పుడు ఆ కళ్ళల్లో సరదా లేదు. అది నాకు కనపడింది. కనపడలేదని చెప్పలేను. కానీ అంతలో కరెంటు పోయింది, జనరేటరు దగ్గరికి పరుగెత్తాను.

జూలై చివరి వారంలో ఒక సోమవారం ఆమె రాలేదు. మంగళవారం ప్రిస్కా మెట్ల దగ్గర నా కోసం నిలబడి ఉంది.

"జేరే బాబాయ్, అక్కని ఆస్పత్రిలో వేశారు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టారు. ఊపిరితిత్తులు ఎండిపోయాయన్నారట."

వర్క్‌షాపులోకి వెళ్ళి సొరుగు లాగి కాగితం తీశాను. కేబులు డెబ్భై మీటర్లు, అయిదు తీగలది. బ్రేకరు ఒకటి. పెద్ద సాకెట్లు మూడు. కింద సంతకం. పది నిమిషాలు కూడా పట్టలేదు. తీసుకెళ్ళి సిలుంగ్వె గారి చేతిలో పెట్టాను. ఆయన చదివి, "ఇదేనా? దీనికోసమేనా ఇన్నాళ్ళూ?" అన్నారు. ఆయన మామూలుగానే అన్నారు. నాకు మాత్రం చెంప ఛెళ్ళుమన్నట్టైంది.

కేబులు తొమ్మిది రోజుల్లో వచ్చింది.

తొమ్మిది రోజులు! లూసాకా వాళ్ళు నిద్రపోలేదు, మూలగలేదు, తిప్పి ఒక్క ప్రశ్న వెయ్యలేదు. లారీ మీద కేబులు చుట్ట చూసి అక్కడే నిలబడిపోయాను. తరవాత రెండు రోజులు కేబులు లాగి, పైన సాకెట్లు బిగించాను. శనివారం ఏనుగుని సరుకు లిఫ్టులో ఆరో అంతస్తుకి ఎక్కించి స్విచ్చి వేశాను. గంటలో దూలాలన్నీ బయటపడ్డాయి. వాటికి ఒకప్పుడు ఆకుపచ్చ రంగు వేశారని మాకెవరికీ తెలియదు. ప్రిస్కా ముక్కు మీది గుడ్డ తీసి, కిటికీ దగ్గర నిలబడి ఊపిరి పీల్చుకుంది.

ఆదివారం ఆస్పత్రికి వెళ్ళాను. బనా కసోండె దిండ్ల మీద కూర్చోబెట్టినట్టు ఉంది, సగానికి సగం అయిపోయింది. నన్ను చూసి ముక్కు గొట్టం కింద పెదవులు కదిపింది.

"వచ్చావా ఎలకల జేరే. చేతులూపుకుంటూ వచ్చావా?"

"నీ ఏనుగు ఆరో అంతస్తు ఎక్కింది," అన్నాను. "అది చెబుదామనే వచ్చాను."

ఆమె మొహం విప్పారింది. అంత సంతోషం ఆ మొహంలో నేనెప్పుడూ చూడలేదు. "పిల్లలు చీపుళ్ళు పడేశారా?"

"పడేశారు."

"హమ్మయ్య." కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "అయిదు నెలలు పట్టిందా ఆ దొంగ సచ్చినోళ్ళకి? ఒక్క తీగ ముక్క పంపడానికి లూసాకా వాళ్ళకి అయిదు నెలలు!"

అప్పుడు చెప్పాల్సింది. మంచం పక్కన ఇనప కుర్చీలో కూర్చుని ఉన్నాను, గదిలో మా మాట వినేవాళ్ళు కూడా లేరు. చెప్పలేకపోయాను. సిగ్గేసింది. తల ఊపాను. ఆమె లూసాకా వాళ్ళని ఇంకో రెండు తిట్లు తిట్టి, అలిసిపోయి కళ్ళు మూసుకుంది.

గురువారం పోయింది.

డాక్టర్ని అడిగితే ఇరవై ఏళ్ళ పిండి అంటాడు, అయిదు నెలలది కాదంటాడు. అది నాకూ తెలుసు. అయినా ఆ అయిదు నెలలూ నావి. వాటిని ఇంకెవరి మీదా వెయ్యలేను.

మా దగ్గర చావింట్లో వేళాకోళపు వరసవాళ్ళకి పని ఉంటుంది. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన ఇంటివాళ్ళని నవ్వించాలి. పోయినవాళ్ళని తిట్టాలి, శవపేటికకి అడ్డం పడుకుని నా లెక్క తేల్చమని రభస చెయ్యాలి. నేనింతకు ముందు చాలా చావిళ్ళలో ఆ పని చేశాను. బాగా చేస్తాడని పేరు కూడా ఉంది. వాకిట్లో అడుగు పెట్టగానే మగవాళ్ళు జరిగి దారిచ్చారు. బనా కసోండె కొడుకు కసోండె, మినీబస్సు నడుపుతాడు, కళ్ళు వాచిపోయి ఉన్నాడు, వచ్చి రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నాడు.

"మీకోసమే చూస్తున్నాం మావయ్యా. పొద్దుటినుంచీ ఇక్కడ ఎవరూ నవ్వలేదు."

వెళ్ళి పేటిక పక్కన నిలబడ్డాను. లోపల ఆడవాళ్ళు ఏడుపు ఆపారు. వందమంది నా నోటివంక చూస్తున్నారు. నేను వేళాకోళం చెయ్యడానికి రాలేదు. నిజం చెప్పేసి, ఆమె కొడుకు ఏం చేస్తే అది పడదామని వచ్చాను.

"బనా కసోండె, లూసాకా వాళ్ళ తప్పేం లేదు," అన్నాను. "కాగితం నేనే రాయలేదు. అయిదు నెలలు సొరుగులో పెట్టుకుని కూర్చున్నాను. నువ్వు ఊడుస్తూనే ఉన్నావు, నేను రేపు రాద్దాంలే అనుకుంటూనే ఉన్నాను. నిన్ను చంపింది నేను."

ముందు ఎవరో వెనకాల కిసుక్కుమన్నారు. తరవాత వాకిలంతా నవ్వింది. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. "చూడండమ్మా, ఎలకలు తినేవాడు నేరం ఒప్పుకుంటున్నాడు!" అని ఒక ముసలమ్మ అరిచింది. "పట్టుకోండి వాణ్ణి, పోలీసులకివ్వండి!" అని ఇంకొకామె.

"నిజం," అన్నాను. "నిజంగానే చెబుతున్నాను."

ఇంకా నవ్వారు. నా గొంతు వణికింది. అది కూడా నటనే అనుకుని కొందరు కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. గుమ్మం దగ్గర ప్రిస్కా నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. చేతుల్లో మొహం దాచుకుంది.

కసోండె నా భుజం మీద తల ఆన్చి, నాలుగు రోజుల తరవాత మొదటిసారి మనసారా నవ్వుతున్నాడు. వాడి నవ్వుకి నా ఒళ్ళంతా ఊగుతోంది.

"కసోండె, విను నాయనా, అది నేనే..."

"చాలు మావయ్యా, చాలు, ఇక నవ్వలేను," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "మా అమ్మ ఉంటే ఎంత మురిసిపోయేదో."