కొత్త సారు

కుళాయిల విభాగం చూసే అధికారి ఆ మున్సిపల్ ఆఫీసుకు వచ్చి ఏళ్లు గడిచినా అందరికీ ఇంకా కొత్త సారే. వచ్చిన రోజున అటెండరు అక్క అలా పిలిచింది, ఆ పిలుపే నిలిచిపోయింది. ఆయనా నవ్వేవాడు. "పిల్లలు బడికెళ్తున్నా మా ఆవిడ మా ఇంట్లో ఇంకా కొత్తకోడలేనక్కా. మాకిద్దరికీ పాతబడే రాత లేదు" అనేవాడు.

ఈమధ్యే భవనాల విభాగానికి మరో అధికారి వచ్చాడు. కుర్రవాడు, ముక్కుసూటి మనిషి. వస్తూనే మార్కెట్ వెనక అనుమతి లేకుండా లేపిన గోదాముకు సీలు వేయించాడు. అతన్ని అక్క "భవనాల సారు" అంటోంది. కొత్త సారు అనే మాట అప్పటికే ఒకరి సొంతం మరి.

ఆ మధ్యాహ్నం అక్క బల్లలు తుడుస్తుంటే ఇద్దరు వచ్చారు. ఒకడి చంకలో చుట్టిన గోనెసంచి ఉంది. కొత్త సారు ఎవరని మర్యాదగానే అడిగారు. కుళాయి కోసం వచ్చారనుకుని ఆమె తలెత్తకుండానే, గుడ్డ పట్టుకున్న చేత్తో కిటికీ పక్క కుర్చీ చూపించింది.

సంచిలోంచి కత్తి వచ్చింది. మొదటి వేటు భుజం మీద, రెండోది అడ్డం పెట్టిన చేతి మీద పడింది.

"గోదాముకే సీలేస్తావా?"

"ఏ గోదాము?" అన్నాడాయన. నిజంగానే అడిగాడు.

వాళ్లు వెళ్లిపోయాక, అంబులెన్సు వచ్చేదాకా అక్క ఆ బల్ల గుడ్డనే గాయానికి అదిమిపట్టి కూర్చుంది.

ఆసుపత్రిలో ఆపరేషన్ జరుగుతోంది. ప్రాణానికి హామీ ఇవ్వలేమన్నారు డాక్టర్లు. భవనాల సారు అందరికీ నీళ్ల సీసాలు తెచ్చిచ్చి, ఇక ఇంటికి బయల్దేరుతానన్నాడు. ఎప్పటిలాగే నడిచే వెళ్తాడట. గాయపడినాయన భార్య అక్క చెయ్యి వదలడం లేదు. ఆమే లేకపోతే ఆ మాత్రం ఊపిరైనా మిగిలేది కాదని వచ్చినవాళ్లందరికీ చెబుతోంది.

"ఎవరితోనూ మాట పడని మనిషి. ఎందుకు నరికారక్కా?"

అక్క తనను పట్టుకున్న ఆ చేతివైపు చూసింది. నోరు మూసుకుంటే ఈ చెయ్యి తన చేతిలోనే ఉంటుంది. కానీ వాళ్లకు తమ పొరపాటు తెలియడానికి ఎంతసేపు పడుతుంది? అటు కుర్రవాడు చెప్పులు వేసుకుంటున్నాడు.

"వాళ్లు కొత్త సారు ఎవరని అడిగారమ్మా. వాళ్లకి కావాల్సింది భవనాల సారు. నేను అలవాటుకొద్దీ మీ ఆయన్ని చూపించాను."

ఆమె అక్క మొహంలోకి చూసింది. తర్వాత ఆ కుర్రవాడి వైపు చూసింది. చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది.

"వెళ్లి పోలీసులకి చెప్పు," అంది. "అతన్ని ఒంటరిగా పోనివ్వకండి."

వరండా చివర నిలబడ్డ పోలీసాయన అక్క చెప్పిందంతా విని, ఇంతకీ వాళ్లకు కావాల్సిన కొత్త సారు ఎవరని అడిగాడు.

అక్క చెయ్యి సగం లేచింది. దించేసుకుంది. నడుచుకుంటూ వెళ్లి కుర్రవాడి పక్కన నిలబడింది.

"ఈయన" అంది.