మేడ మీద ఉత్తర దిక్కు

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఆ రెండంతస్తుల ఇల్లు విశ్వేశ్వరరావుది. తెనాలి వైపు నుంచి వచ్చి, ఉన్న పొలం అమ్మి కట్టుకున్నాడు. పైవాటాలో కిరాయికి ఉండే మహేందర్‌ది సిద్దిపేట. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఇంకొకరు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం అతని ఉద్యోగం. ఆ బుద్ధి ఇంటికొచ్చినా పోదు. ఉప్మాలో ఉప్పు తక్కువైతే ఎక్కడ తక్కువైందో ఆరా తీస్తాడని భార్య మమత విసుక్కునేది.

అతను ఎవరి దగ్గరో పాతదొక కంప్యూటర్ టెలిస్కోపు కొన్నాడు. రిమోట్‌లో గురుగ్రహం అని నొక్కితే మోటార్లు గుర్రుమంటూ తిరిగి దాన్నే చూపించాలి. ఇది మాత్రం ప్రతిసారీ పక్కకు పోయేది. ఖాళీ ఆకాశాన్నో, ఎదురింటి నీళ్ల ట్యాంకునో చూపించి, గురుగ్రహం దొరికిందని రిమోట్ తెర మీద రాసేది. అంత నిబ్బరంగా అబద్ధమాడే యంత్రాన్ని మహేందర్ ఆఫీసులో కూడా చూడలేదు.

అప్పుడు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సుల్లేవు. బొగ్గు రాక కరెంటు కోతలు. ధర్నాకు వెళ్లని రోజు మహేందర్ మేడెక్కేవాడు. గడియారాన్ని మన దేశపు టైముకు మార్చాడు. తేదీలో నెల ముందు వేయాలని తెలిసి నాలుక కరుచుకున్నాడు. కొత్త బ్యాటరీ వేశాడు, మూడు కాళ్లూ మట్టంగా నిలబెట్టాడు. దేనికది కొంత మేలు చేసింది గానీ గురుగ్రహం మాత్రం దొరకలేదు.

మిగిలింది ఒక్కటే. టెలిస్కోపు తిరిగే ఇరుసు సరిగ్గా ఉత్తరానికి ఉండాలి. ధ్రువ నక్షత్రం చూసి పెడదామంటే పక్క అపార్టుమెంటు అడ్డం. దిక్సూచి పెడితే స్లాబులోని ఇనుముకు అడుగడుక్కీ మాట మార్చింది. అందుకే అతను మొదటినుంచీ దాన్ని పిట్టగోడకు సమాంతరంగా నిలబెడుతున్నాడు. ఆ గోడ ఉత్తర దక్షిణాలకు వెంట్రుకవాసి తేడా లేకుండా ఉందని విశ్వేశ్వరరావు కనబడ్డవాళ్లందరికీ చెప్పేవాడు.

చెప్పక తప్పని అవసరం ఆయనకుంది. ఆయన భార్య పుణ్యవతి ఇల్లు అమ్మేసి తెనాలిలో తమ్ముడి దగ్గరికి పోదామని రోజూ పోరుతోంది. "రాష్ట్రం వస్తే మిమ్ముల ఎవలు పొమ్మంటరు ఆంటీ? గిది మీ ఇల్లు," అని మహేందర్ ఎన్నిసార్లు చెప్పినా ఆమె భయం తీరలేదు. టీవీ చూసినప్పుడల్లా గుండె దడ. ఇంట్లో ఏదో వాస్తు దోషం ఉందని ఆమె అనుమానం.

"దిక్కులకు కట్టిన ఇల్లే ఇది. దోషం ఉందని ఒక్కరిని చూపించమను, రేపే అమ్మేస్తా," అనేవాడాయన. ఆమె ఆ మాట పట్టుకుని కూర్చుంది.

ఒక బంద్ రోజు మహేందర్ మేడ మీద నిట్టనిలువుగా ఒక కర్ర నిలబెట్టి, చుట్టూ సుద్దముక్కతో గుండ్రంగా గీశాడు. పొద్దున కర్ర నీడ కొస గీతను తాకినచోట ఒక గుర్తు, మధ్యాహ్నం మళ్లీ తాకినచోట ఇంకో గుర్తు పెట్టాడు. రెండూ కలిపితే తూర్పు పడమరలు. దానికి అడ్డంగా ఉత్తరానికి గీత గీశాడు. గీత గోడతో కలవకుండా వంకరగా పోయింది.

వారాల తరబడి వెతికిన తప్పు దొరికిందని అతనికి ఎగిరి గంతేయాలనిపించింది. అప్పుడే పైకొచ్చిన విశ్వేశ్వరరావును చెయ్యి పట్టి లాక్కొచ్చాడు.

"జర చూడుండ్రి అంకుల్! మిషన్ మంచిగనే ఉన్నది. మీ గోడే ఉత్తరానికి లేదు!"

విశ్వేశ్వరరావు గీతను చూశాడు. ఆశ్చర్యపోలేదు.

"నాకు తెలుసయ్యా," అన్నాడు నెమ్మదిగా. "శంకుస్థాపన నాడు సిద్ధాంతి కూడా ఇలాగే కర్ర పాతి చెప్పాడు. రోడ్డే వంకర, స్థలం రోడ్డు వెంటే ఉంది. దిక్కులకు కట్టాలంటే ఒక గది పోతుంది. అందుకని రోడ్డు వెంటే కట్టేశా. మీ ఆంటీకి మాత్రం ఇదే ఉత్తరమని చెప్పా. ఈ గీత చూసిందంటే రేపే సామాను సర్దుతుంది. తెనాలిలో ఇప్పుడు నన్ను గుర్తుపట్టేవాడు లేడయ్యా. నేను పోలేను."

మహేందర్ సంతోషం చప్పున చల్లారింది. ఈ పెద్దమనిషిని ఇంట్లోంచి వెళ్లగొట్టే పని తన చేతి సుద్దముక్కే చేసేలా ఉంది. భయమేసింది. అంతకంటే ఎక్కువ జాలేసింది.

కాలితో చెరిపేద్దామనుకునేలోపే ఆరిన బట్టల కోసం పుణ్యవతి మెట్లెక్కి వచ్చింది. గీత దగ్గర ఆగింది. మొగుడి ముఖం చూసింది.

"ఏంటి బాబూ ఇది? ఉత్తరమేనా? గోడేమో అటుంది?"

విశ్వేశ్వరరావు పిట్టగోడను గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.

"ఉత్తరం గోడ దిక్కే ఆంటీ," అన్నాడు మహేందర్, చెయ్యి చాపి చూపిస్తూ. "గోడ మంచిగనే ఉన్నది. నేనే లెక్క తప్పిన."

ఆమె కాసేపు గోడను చూసి, బట్టలు తీసుకుని దిగిపోయింది.

అప్పట్నుంచి ఆమె రోజూ సాయంత్రం ఏదో ఒక వంకతో మేడ మీదికి వచ్చేది, గోడనూ టెలిస్కోపునూ పోల్చి చూసేది. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ మహేందర్ దాన్ని గోడకు సమాంతరంగానే నిలబెట్టాడు. మోటార్లు ఆపేసి, గురుగ్రహాన్ని చేత్తోనే వెతుక్కునేవాడు.